సూప్ మూటను చిదమొద్దు

ఎక్కడికైనా వెళ్ళాలంటే నేను ముందు ఫోన్లో మ్యాప్ తెరిచి, అక్కడికి దగ్గరలో ఆసుపత్రి ఎంత దూరమో చూస్తాను. బీచ్‌కి వెళ్ళినా అంతే, ఎవరింటికైనా భోజనానికి వెళ్ళినా అంతే. మేముండేది ఒమన్‌లోని ఖబూరాలో. సముద్రం, ఖర్జూర తోటలు, చిన్న చిన్న దుకాణాలు. ఊరు మంచిదే. కానీ రాత్రిపూట ఒక్కోసారి, పెద్దాసుపత్రికి ఉన్న దూరం గుర్తొచ్చి నిద్ర పట్టదు. ఆ శుక్రవారం మస్కట్‌లో ఒక తైవాన్ హోటల్‌కి వెళ్దామని మా ఆయన అన్నప్పుడు కూడా అదే చూశాను. అది ఒక పెద్ద మాల్‌లో ఉంది, ఆసుపత్రి పక్కనే. అందుకే ఒప్పుకున్నానని ఎవరికీ చెప్పలేదు.

భయం మా బాబు గురించి. వాడికి ఏడాదిన్నర వయసప్పుడు ఒక ద్రాక్షపండు గొంతుకి అడ్డం పడింది. ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం, మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. వాడు బల్ల మీది పండు తీసి నోట్లో వేసుకుని నా వైపు చూసి నవ్వాడు. ఆ నవ్వు మధ్యలో ఆగిపోయింది. ఏడవలేదు, దగ్గలేదు. పెదాలు నేరేడుపండు రంగులోకి తిరిగాయి. వాడిని ముంజేతి మీద బోర్లా వేసుకుని వీపు మీద చరిచాను. అలా చెయ్యాలని నాకెవరు చెప్పారో గుర్తు లేదు. పండు ఊడి గచ్చు మీద పడి మంచం కిందకి దొర్లింది. వాడు గుక్కపట్టి ఏడ్చాడు. వాడికి ఏమీ కాలేదు. ఆసుపత్రిలో కూడా ఏమీ కాలేదనే చెప్పారు.

నాకు మాత్రం అయింది. ఆ రోజు నుంచి వాడి తిండంతా మిక్సీలోంచే వచ్చింది. అన్నం, పప్పు, క్యారెట్, చికెన్, చివరికి దోసె కూడా. దోసెను మిక్సీలో వేసేవాళ్ళు ఉంటారా అని మా అమ్మ ఫోన్లో నవ్వింది. ఉంటారు. చాలాకాలం ఇది ఎవరికీ వింతగా కనిపించలేదు. మన ఇళ్ళల్లో నాలుగేళ్ళ పిల్లలకి కూడా తల్లి కలిపి ముద్దలు పెట్టడం మామూలే కదా. ముద్దలే పెడుతోంది అనుకున్నారు. నా ముద్దలో ఒక్క మెతుకు కూడా ఉండదని దగ్గరికొచ్చి చూస్తే తప్ప తెలియదు.

వాడికి నాలుగేళ్ళు నిండాయి. వచ్చే నెలలో బడి. అక్కడి మేడమ్ నవ్వుతూనే చెప్పింది, డబ్బా పిల్లలే మూత తీసుకోవాలి, పిల్లలే తినాలి, మేం తినిపించం అని. పొద్దున వ్యాను ఎక్కితే మధ్యాహ్నం దాకా ఇంటికి రాడు. కొరకడం, నమలడం రాని పిల్లాడు అంతసేపు ఏం తింటాడు? తినకపోతే నీరసం. తింటేనో? పక్క పిల్లాడు ప్రేమగా ఒక ద్రాక్షపండు చేతిలో పెడితే? అక్కడ నేనుండను. డాక్టర్ వాడి గొంతు చూసి, లోపం ఏమీ లేదు, నమలడం అలవాటు చెయ్యకపోతేనే కష్టం, మెల్లగా మొదలుపెట్టండి అన్నాడు. రోజూ మొదలుపెడతాను. ఇడ్లీ తుంపి వాడి పెదాల దాకా తీసుకెళ్తాను. చివరి క్షణంలో ఆ ముక్క నా నోట్లో వేసుకుంటాను.

బడి ఇంకా నెల ఉందనగా మా అత్తగారు విజిట్ వీసా మీద జగిత్యాల నుంచి వచ్చింది. వచ్చిన మొదటి రోజే గిన్నెలోకి తొంగి చూసింది.

"ఏందే పిల్లా గిది? పోరనికి సున్నం తినవెడుతున్నవా?"

"అన్నమే అత్తమ్మా. కొంచెం మెత్తగా..."

"కొంచమా? గోడకు పూస్తె అంటుకునేటట్టుంది. మా చిన్నోడు గీ వయసుల బొక్కలు నమిలిండు."

ఆ చిన్నోడు మా ఆయనే. పక్కనే కూర్చుని నవ్వాడు. నేను నవ్వలేదు. ద్రాక్షపండు సంగతి ఆమెకు తెలియదు. అంత దూరంలో ఉన్నవాళ్ళకి చెప్పి కంగారు పెట్టడం ఎందుకని అప్పట్లో మేమిద్దరం అనుకుని ఊరుకున్నాం.

తైవాన్ హోటల్ ఆలోచన మా ఆయనది. మస్కట్ ఆఫీసు వాళ్ళు ఎప్పుడు ఫోన్ చేసినా దాని గురించే మాట్లాడతారట. "డంప్లింగ్ అంటారు. చుట్టూ పల్చటి మైదా, లోపల చికెన్ ముద్ద, దాంతోపాటు సూప్. సగం సూపే కాబట్టి నీ మిక్సీ పని వాళ్ళే సగం చేసి పెట్టినట్టు. మిగతా సగం వాడిని చెయ్యనీ" అన్నాడు. సరేనన్నాను. సంచిలో మాత్రం వాడి స్టీలు డబ్బా పెట్టుకున్నాను, పొద్దున్నే చేసిన మెత్తటి పప్పన్నంతో.

మేం చేరేసరికి శుక్రవారం నమాజు అయిపోయి మాల్ నిండిపోయింది. హోటల్ ముందు పెద్ద గుంపు. పాదాల దాకా ఉండే తెల్లటి దిష్‌దాషాల్లో ఒమనీ తండ్రులు, వాళ్ళ కాళ్ళ చుట్టూ పిల్లలు, ఫిలిప్పీన్స్ అమ్మాయిలు, మనలాంటి వాళ్ళు. లోపల కుర్చీ ఖాళీ అయితే ఫోన్‌కి మెసేజ్ వస్తుందన్నారు. గుంపులో నేను చూసింది పిల్లల నోళ్ళనే. ఒక పాప బఠాణీల్లాంటివేవో నములుతూ పరిగెడుతోంది. నోట్లో తిండి ఉండగా పరిగెత్తనిస్తారా ఎవరైనా? ఆ పాప తల్లి హాయిగా ఫోన్ చూసుకుంటోంది. ఆమెను చూసి నాకు కోపం వచ్చిందో అసూయ కలిగిందో చెప్పలేను.

వంటగదికి బయటి వైపు నిలువెత్తు అద్దం ఉంది. లోపల మూతులకు మాస్కులు, తలలకు తెల్ల టోపీలు పెట్టుకున్న మనుషులు బల్ల చుట్టూ నిలబడి పని చేస్తున్నారు. ఒకతను పిండి ఉండను చిన్న కర్రతో పూరీ కంటే పల్చగా వత్తుతున్నాడు. ఇంకొకతను దాని మధ్యలో మాంసం ముద్ద పెట్టి, అంచు మడతలు మడతలుగా దగ్గరికి లాగి, పైన ఒక మెలిక తిప్పి వదులుతున్నాడు. మా బాబు ముక్కు అద్దానికి ఆనించి నిలబడ్డాడు. వాడి ఊపిరికి అద్దం మసకబారుతుంటే అరచేత్తో తుడుచుకుని మళ్ళీ చూస్తున్నాడు.

"గరిజెలకు అంచు మడిచినట్టే ఉన్నది గదరా" అంది మా అత్తగారు. కజ్జికాయల్ని ఆమె గరిజెలంటుంది. కాసేపు చూసి, "నేనైతె ఇంక సన్నగ మడుస్త" అని కూడా అంది.

"నీకిక్కడ ఉద్యోగం ఇప్పించాలా అమ్మా?"

"ఇప్పియ్యి. టోపీ మాత్రం పెట్టుకోను."

"మూట" అన్నాడు మా బాబు. "చిన్న మూట. లోపల ఏముంది?"

"సూప్ ఉందిరా" అన్నాడు వాళ్ళ నాన్న. "సూప్‌ని గడ్డకట్టించి లోపల పెట్టి మూట కడతారట. ఆవిరి తగిలితే కరుగుతుంది."

"మూటలో సూపా?" వాడు పకపకా నవ్వాడు. బట్టలో నీళ్ళు మూట కట్టినట్టు ఊహించుకుని ఉంటాడు. మెసేజ్ వచ్చే దాకా అక్కడి నుంచి కదల్లేదు.

లోపల నేను వాడికి ఎదురుగా కూర్చున్నాను. పక్కన కూర్చుంటే గొంతు సరిగా కనపడదు. వాడి పక్కన మా అత్తగారు, నా పక్కన మా ఆయన.

"గిండ్ల పెద్దకూర గిట్ల కలుస్తదా?" అని అడిగింది ఆమె గొంతు తగ్గించి.

"లేదమ్మా. కోడే. అడిగే చెప్పిన."

వెదురు బుట్టలు వచ్చాయి. మూత తియ్యగానే ఆవిరి ఎగిసింది. లోపల చిన్న చిన్న మూటలు ఒకదానికొకటి తగలకుండా కూర్చుని ఉన్నాయి. పల్చటి పిండి లోంచి సూప్ కదలడం కనిపిస్తోంది. పక్కన సన్నగా తరిగిన అల్లం, నల్లగా, పుల్లగా ఉండే నీళ్ళు. బల్ల మీద ఒక అట్ట ముక్క ఉంది, ఎలా తినాలో బొమ్మలు వేసి. మా ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని సైట్‌లో కొత్తవాళ్ళకి సేఫ్టీ క్లాసు చెప్పినట్టు మొదలుపెట్టాడు. "ముందు మెల్లగా ఎత్తాలి. చెంచాలో పెట్టుకోవాలి. పక్కన చిన్నగా కొరకాలి. సూప్ పీల్చాలి. ఆ తర్వాతే..."

నేను వినలేదు. నా చెయ్యి తన పని తాను చేసుకుపోతోంది. డబ్బా మూత తీశాను, పప్పన్నం ప్లేటులో వేశాను, దాని మీద ఒక మూట పెట్టాను. ఉడికిన ఆలుగడ్డను అన్నంలోకి చిదిమినట్టు బొటనవేలితో గట్టిగా నొక్కాను.

టప్పుమని పగిలింది. కాగిన సూప్ నా వేళ్ళ మీదకి, అక్కడి నుంచి బల్ల దాటి మా అత్తగారి చీర మీదకి చిమ్మింది.

"అయ్యో, అయ్యో! కొత్త చీర!"

"చెయ్యి కాలిందా?" అని మా ఆయన మంచినీళ్ళ గ్లాసు ఇటు తోశాడు. కాలింది. వేళ్ళు గ్లాసులో ముంచాను.

"తడిగుడ్డను పిండినట్టు పిండితివి గదనే" అంది ఆమె కాగితాలతో కుచ్చిళ్ళు తుడుచుకుంటూ. "గది మూట అని పోరడు మొత్తుకుంటనే ఉండె."

మా బాబు ప్లేటు వైపు చూస్తున్నాడు. పసుపు రంగు ముద్ద మీద చినిగిన తెల్లటి తోలు, మధ్యలో చిన్న మాంసం ఉండ. నేను దాన్ని కూడా కలిపెయ్యబోయాను.

"నా మూట చిదిమేసినవ్" అన్నాడు.

కింది పెదవి వణికింది. గట్టిగా ఏడ్చే పిల్లాడు కాదు వాడు. కళ్ళలో నీళ్ళు నిండి అలాగే నిలబడ్డాయి. "నాకు చిదమకుండా కావాలి."

ఆ మాట నేను చాలాసార్లు తలుచుకున్నాను. ఇప్పుడు ఇల్లంతా నిద్రపోయాక ఇది రాస్తూ కూడా తలుచుకుంటున్నాను. ఇడ్లీ గుండ్రంగా ఉంటుందని వాడికి తెలుసు, మా ప్లేట్లలో చూశాడు కాబట్టి. వాడి ప్లేటులోకి మాత్రం ఏదీ తన ఆకారంతో రాలేదు. క్యారెట్ వచ్చినా చికెన్ వచ్చినా ఒకేలాంటి ముద్ద. ఆ రోజు అద్దం దగ్గర అంతసేపు నిలబడి, ఒక తినే వస్తువు తయారవడం మొదటి నుంచి చివరి దాకా చూశాడు. అది అలాగే తన ముందుకు వస్తుందనుకున్నాడు.

మా ఆయన ఇంకో మూట చెంచాలోకి తీశాడు. అక్కడ తినడానికి ఇచ్చిన పుల్లతో పక్కన చిన్న చిల్లు పెట్టి, ఆవిరి పోయేదాకా ఊదాడు.

"సూప్ ఒక్కటే తాగించండి" అన్నాను. "తోలు వద్దు. జారుతుంది. జారేవే గొంతుకి అడ్డం పడతాయి."

"వాడికే వదిలేద్దాం."

"వద్దండీ. ఇవాళ వద్దు."

"బడి ఇంకెన్ని రోజులు ఉంది?" అన్నాడు మెల్లగా.

వాడు చెంచా రెండు చేతులతో పట్టుకున్నాడు. చిల్లు దగ్గర పెదాలు పెట్టి సూప్ పీల్చాడు. కళ్ళు పెద్దవయ్యాయి. ఇక్కడికి చాలు అని నేను అంటున్నాను, ఆ మాట పూర్తయ్యేలోపే చెంచా ఎత్తి మూట మొత్తం నోట్లో వేసుకున్నాడు.

బుగ్గ ఉబ్బింది. కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత దగ్గు వచ్చింది.

మా అత్తగారి చెయ్యి వెంటనే వాడి నెత్తి మీదకి వెళ్ళింది. ఇంకో చేత్తో గడ్డం పట్టుకుని మొహం పైకి లేపింది. "పైకి చూడు బిడ్డా, పైకి చూడు! అగో కాకి, అగో కాకి! ఎవలో యాది చేస్తున్నరు నిన్ను!"

పొలమారితే మనందరం చేసేది అదే. నెత్తి మీద తట్టి, పైకి చూడమని, ఎవరో తలుచుకుంటున్నారని చెప్పడం. నా చిన్నప్పుడు నాకూ అలాగే తట్టారు. ఎవరు తలుచుకుంటున్నారా అని ఆలోచిస్తుంటే దగ్గు తగ్గిపోయేది. కానీ నోట్లో ముక్క ఉన్న పిల్లాడి తల వెనక్కి వంచితే ఆ ముక్క ఎటు పోతుందో డాక్టర్ నాకు చేత్తో చూపించి మరీ చెప్పాడు.

"అత్తమ్మా, తల ఎత్తకండి! వదలండి వాణ్ణి!"

అరిచాను. లేచి బల్ల మీదుగా వంగి ఆమె చెయ్యి తోసేశాను. పెళ్ళయినప్పటి నుంచి ఆమె ముందు గొంతు పెంచింది లేదు. పక్క బల్ల వాళ్ళు తినడం ఆపి చూశారు.

వాడు ముందుకు వంగి దగ్గుతున్నాడు. మొహం ఎర్రబడింది. ముక్కు కారుతోంది. నా చూపుడువేలు అప్పటికే కొక్కెంలా వంగి వాడి నోటి వైపు వెళ్తోంది. మా ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు.

"చప్పుడు వస్తోంది. విను. దగ్గుతున్నాడంటే ఊపిరి ఆడుతున్నట్టే. దగ్గనీ."

అది కూడా డాక్టర్ చెప్పిందే. ఇద్దరం కలిసే విన్నాం. ఆయనకు గుర్తుంది. నాకూ గుర్తుంది, కానీ నా వేలికి గుర్తు లేదు. రెండు చేతులతో బల్ల అంచు పట్టుకున్నాను. ఎర్రబడడం వేరు, నేరేడు రంగు వేరు అని నాకు నేను చెప్పుకుంటున్నాను.

ఇంకోసారి దగ్గాడు. ముక్క పెదాల దాకా వచ్చింది. ఉమ్మెయ్, ఉమ్మెయ్ నాన్నా అని లోపల మొక్కుకున్నాను. వాడు ఉమ్మలేదు. బయటికొచ్చిన అంచును వేలితో లోపలికి తోసుకుని నోరు మూశాడు. దవడ అటొకసారి ఇటొకసారి కదిలింది, మేకపిల్ల ఆకు నమిలినట్టు. ఎవరూ నేర్పలేదు. ఎంతసేపు నమిలాడో. ఆ లేత గొంతు మీద ఏదో చిన్నగా కదిలి కిందికి దిగడం చూశాను.

"అయిపోయింది" అని నోరు తెరిచి అందరికీ చూపించాడు.

నేను కూలబడ్డాను. నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. కాలిన వేళ్ళు అప్పుడు మండడం మొదలుపెట్టాయి.

మా అత్తగారు చేతులు కట్టుకుని అటు తిరిగి కూర్చుంది.

"అమ్మా, తిను. చల్లారుతున్నయి" అన్నాడు మా ఆయన.

"నాకొద్దు. నేను ముట్టుకుంటె పోరడు చస్తడట గద."

"అట్ల కాదు అత్తమ్మా" అని మొదలుపెట్టి ఆగిపోయాను. ఎట్లా కాదో చెప్పాలంటే ద్రాక్షపండు దగ్గర మొదలుపెట్టాలి. మా ఆయన వైపు చూశాను. చెప్పు అన్నట్టు తలూపాడు. చెప్పాను. ఆగిపోయిన నవ్వు, పెదాల రంగు, మంచం కిందకి దొర్లిన పండు. ఆమె వినేటప్పుడు నా వైపు చూడలేదు, మనవడి వైపే చూసింది. వాడు అల్లం ముక్కను వాసన చూసి పక్కన పెడుతున్నాడు.

"గింత జరిగితె నాకు చెప్పకపోతిరి" అంది చివరికి. కొడుకునే అడిగింది, నన్ను కాదు. ఆయన తల దించుకున్నాడు.

కాసేపటికి ఆమే నా వైపు తిరిగింది. "మరి పైకి చూడొద్దంటె ఏం జెయ్యాలె? రేపు నువ్వు బజారుకు పోతె నేనొక్కదాన్నే ఉంట గద వానితోని."

లేచి ఆమె వెనక్కి వెళ్ళాను. "ఇట్లా ముందుకు వంచాలి అత్తమ్మా. దగ్గుతుంటే ముట్టుకోవద్దు. చప్పుడు ఆగిపోతేనే, ఇదిగో ఇక్కడ, రెక్కల మధ్య, అరచేత్తో." పండగలకి ఆమె కాళ్ళు తాకాను గానీ వీపు తాకడం అదే మొదలు. చీర కింద ఎముకలు చేతికి తగిలాయి. ఎంత గట్టిగా కొట్టాలో చూపించబోయాను.

"జర మెల్లగనే! నేనేం మింగలె!"

మా ఆయన నవ్వాడు. ఆమె నవ్వాపుకుంది. నేను తిరిగి నా కుర్చీలోకి వచ్చేసరికి మా బాబు బుట్ట తన వైపు లాక్కుని ఉన్నాడు.

"ఇంకోటి."

ఈసారి చిల్లు పెట్టనివ్వలేదు. తనే కొరికాడు. సూప్ సగం గడ్డం మీదుగా చొక్కాలోకి కారింది. మిగతా సగం చప్పరించి, తోలు అంచు ముందు పళ్ళతో పట్టి లాగాడు. నేను ముందుకు వంగి వాడి గొంతునే చూస్తున్నాను. వాడు కొరకడం ఆపి, అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"నన్ను చూడకు అమ్మా."

"ఎందుకు నాన్నా?"

"నువ్వు చూస్తే దగ్గొస్తది."

నేను కుర్చీలో పక్కకి తిరిగాను. ఎదురుగా గోడ. ఆ గోడ మీద ఏముందో ఇప్పుడు అడిగితే చెప్పలేను. మెడ నరాలు లాగుతున్నాయి. వెనక చెంచా ప్లేటుకి తగిలింది. తర్వాత ఏ చప్పుడూ లేదు.

"నములుతుండు" అంది మా అత్తగారు.

నా తల కదిలినట్టుంది.

"ఇటు తిరగకు. చెప్తున్న గద." కొంచెం ఆగింది. "మింగిండు. ఇంకోటి తీసిండు. ఊదుకుంటుండు. ఇగో, కొరికిండు. నువ్వటే చూడు బిడ్డా, నేను చూస్తున్న."